చేతులు కట్టుకుని లేవండి, ప్రభూ!

కొండల నడుమ ఉన్న ఒక కోటను పూర్వం ఉద్దండవర్మ అనే రాజు ఏలేవాడు. ఆ కొలువులో ఒక వింత మర్యాద ఉండేది. రాజు సింహాసనం దిగాలంటే ఇద్దరు భటులు చెరో చెయ్యీ పట్టి లేపాలి. తనంతట తాను లేవడం రాజుకు చిన్నతనం!

ఒకనాడు రాజు సభలో రాతిగుండు పెట్టించి ఆజ్ఞ జారీ చేశాడు. "కండ కరిగినవాడు కోటకు బరువు. తల నెరిసిన ప్రతివాడూ ఈ గుండు ఎత్తాలి. ఎత్తలేనివాడు కోట విడిచి పోవాలి!"

మొదటి వంతు కాటమయ్యది. కోటగోడ మీద దీపాలు వెలిగించే ముసలివాడు. కోట తప్ప వేరే నీడ లేనివాడు. ఎంత గుంజినా గుండు కదల్లేదు.

"దొరా, గుండు ఎత్తి దీపం వెలిగిస్తారా ఎవరైనా?" అన్నాడు రొప్పుతూ.

"నోటికి మాత్రం బలం తగ్గలేదు! వెళ్లగొట్టండి!" అని గద్దించాడు రాజు.

అప్పుడు ఆస్థాన చమత్కారి పేరయ ముందుకొచ్చాడు. "ప్రభూ, చిన్న సందేహం. వయసు మీద పడితే కండ ముందు ఎక్కడ కరుగుతుంది?"

రాజుకు కుతూహలం కలిగింది. "ఎక్కడ?"

"వాడని చోట. అది తేల్చడానికి గుండు దండగ. చేతులు కట్టుకుని, కూర్చున్న చోటు నుంచి లేస్తే చాలు."

కాటమయ్య నేల మీద గొంతుక్కూర్చున్నాడు. చేతులు కట్టుకుని చటుక్కున లేచాడు. రోజూ దీపం దీపానికీ కూర్చుని లేచే మనిషి మరి.

"ఓస్, ఇంతేనా!" అంటూ రాజు కూడా చేతులు కట్టుకున్నాడు. భటులు అలవాటుగా ముందుకు ఉరికారు.

"మీరు ఆగండయ్యా," అన్నాడు పేరయ.

రాజు ఊగాడు. మూలిగాడు. సింహాసనం కిర్రుమంది. కిరీటం ఒరిగి నెరిసిన జుట్టు బయటపడింది. రాజు మాత్రం లేవలేదు. సభంతా నేల చూపులు చూసింది.

"పేరయా," అన్నాడు రాజు మెల్లగా, "నా బలం ఏమైపోయింది?"

"ఎక్కడికీ పోలేదు ప్రభూ. ఇన్నేళ్లూ మీ బదులు శ్రమపడిన ఈ ఇద్దరి ఒంట్లో భద్రంగా ఉంది."

"అయితే నా ఆజ్ఞ ప్రకారం కోట విడవాల్సింది నేనేనా?"

"విడవాలన్నా ముందు లేవాలి కదా ప్రభూ!"

రాజు పగలబడి నవ్వాడు. ఆజ్ఞ రద్దయింది, కాటమయ్య కొలువు నిలిచింది. పేరయకు పట్టుశాలువా తెప్పించాడు.

"శాలువా వద్దు ప్రభూ. నిలబడి నిలబడి అలిసిన ఈ భటులకు రెండు పీటలు వేయించండి."

"వేయండి!" అన్నాడు రాజు నవ్వు ఆపుకోలేక. "వాళ్లు లేవలేకపోతే నేను చెయ్యి అందిస్తాను."