ఊటదారిలో సన్మానం

నూకాలుకు ఎనిమిదేళ్లు. గేదె. ఎవరేమడిగినా ఒక విడత నెమరు వేసుకున్నాకే జవాబు చెబుతుంది.

మన్యంలో చలికోన అనే జంతువుల ఊరికి ఆమే ప్రెసిడెంటు. ఆ దఫా సీటు ఆడవాళ్లకు రిజర్వు అయింది కాబట్టి పేరు ఆమెది, కుర్చీ ఆమె మొగుడు సూరిబాబుది. సూరిబాబు దున్నపోతు. ఊరంతా అతన్నే 'ప్రెసిడెంటు గారూ' అని పిలిచేది. పంచాయతీ కార్యదర్శి గుంటనక్క కనకారావు ఇద్దరికీ నమస్కారం పెట్టేవాడు గాని, నడుం వంగేది మాత్రం సూరిబాబు వైపే.

పుష్యమాసం వస్తే చలికోనలో తెల్లవారేసరికి గడ్డి మీద మంచు పేరుకుంటుంది. ఎర్రమట్టి దారులు సబ్బు రాసినట్టు జారతాయి. అందుకని ఏటా పంచాయతీ కంకర తెప్పించి పరిపిస్తుంది. ఎక్కడ పరచాలన్నదే తగువు. సంతకు పోయే పెద్దబాట చదునుగా ఉంటుంది. నీటి ఊటకు దిగే దారి నిట్టనిలువు. మగవాళ్లు లేచేసరికి కుడితి తొట్లు నిండి ఉండాలి గనుక ఆడవాళ్లు పొద్దు పొడవకముందే ఆ దారిన దిగాలి. అయినా కంకర ఏటా పెద్దబాటకే పోయేది. మగవాళ్లు నడిస్తే రోడ్డు, ఆడవాళ్లు నడిస్తే దారి అని ఆ పంచాయతీ లెక్క.

ఆ ఏడు మేక పైడితల్లి నిండు చూలాలు. ఒకనాడు ఊటదారిలో జారి మోకాళ్లు చెక్కుకుపోయి వచ్చింది.

"ఇంకోసారి పడితే కడుపులో పిల్లలు దక్కరక్కా," అంది నూకాలుతో.

నూకాలు పోయి మొగుణ్ణి అడిగింది. "ఏమయ్యా, ఈసారి కంకర ఊటదారికి వేయించు."

"నిన్ననే తనిఖీ చేశామే. అక్కడ అప్పడాలు ఎండబెట్టుకోవచ్చు."

"ఏ వేళప్పుడు చూశారు?"

"మిట్టమధ్యాహ్నం. మేతయ్యాక."

"తనిఖీ అంటే వెలుతురుండాలి కదమ్మా," పక్కనే కూర్చున్న కనకారావు అందుకున్నాడు. "పైగా పెద్దబాట మీద కంకర పడితే సంతకొచ్చే నాలుగూళ్ల వాళ్లు చూస్తారు. ఊటదారి ఎవరు చూస్తారు?"

"మేం చూస్తాం, మరిదీ. కిందపడ్డప్పుడు మరీ దగ్గర్నుంచి చూస్తాం."

"ఆడవాళ్లు కాస్త చూసుకుని నడవాలి," అని సూరిబాబు అటు తిరిగి పడుకున్నాడు. దున్నపోతు మీద వాన కురిసినట్టే అయింది.

నూకాలు చాలాసేపు నెమరు వేసింది. మర్నాడు సాయంత్రం మొగుడికి తౌడు కలిపి పెడుతూ, "ఆడవాళ్లమంతా కలిసి నీకు సన్మానం చేద్దామనుకుంటున్నాం," అంది.

సూరిబాబు చెవులు నిక్కబొడుచుకున్నాయి. "ఎందుకే?"

"చలికాలంలో రోడ్లు బాగుచేసినందుకు."

"ఇంకా చేయలేదుగా."

"సన్మానానికి దానితో పనేముంది?"

ఆ మాట అతనికి సబబుగానే తోచింది. "శాలువా ఉంటుందా?"

"ఉంటుంది. బంతిపూల దండ కూడా. రేపు పొద్దు పొడవకముందు, ఊట దగ్గర. మేమంతా ఒక్కచోట దొరికేది అప్పుడే."

"కార్యదర్శికి దండ ఉంటుందా వదినా?" తడిక చాటు నుంచి కనకారావు గొంతు వినిపించింది.

"ఉండకేం? నువ్వు లేకుండా ఈ ఊళ్లో ఏ రోడ్డు పడింది?"

నక్కకు అనుమానం రాకపోలేదు. కాని దండ ముందు అనుమానం నిలవలేదు.

తెల్లారేసరికి ఆడవాళ్లు రోజూలాగే ఒకరి తోక ఒకరు పట్టుకుని ఊటకు దిగి ఉన్నారు. పైడితల్లి మాత్రం మరో నలుగురితో గట్టు మీద, పెద్దబాట కోసం తెచ్చి పోసిన కంకర కుప్ప పక్కనే ఉండిపోయింది. సూరిబాబు కొమ్ములకు నూనె రాసుకుని, కనకారావును ముందు నడిపించుకుంటూ వచ్చాడు. మొదటి అడుగు ఠీవిగా వేశాడు. రెండో అడుగు అతను వేయలేదు, అదే పడింది. జారుతూ జారుతూ కనకారావు తోక తొక్కి తనతోపాటు లాక్కుపోయాడు. సగం దారిలో తంగేడు పొద అడ్డుపడి ఇద్దర్నీ ఆపింది. ఇక ఎక్కబోయినా జారుడే, దిగబోయినా జారుడే.

"కాస్త చూసుకుని నడవాలి బాబూ," అంది పైనుంచి పైడితల్లి.

సూరిబాబు వీపంతా బురద. చలికి దవడలు కొట్టుకుంటున్నాయి. "ఏమే, చూస్తావేం? ఏదో ఒకటి చెయ్యి," అని కింద ఊట దగ్గరున్న పెళ్లాం మీద అరిచాడు.

"మధ్యాహ్నం దాకా ఓపిక పట్టు. అప్పటికి ఆరిపోతుందిగా."

"నాలుగు తట్టలు కంకర పోయించవే."

"అది పెద్దబాట కంకర. తీర్మానం లేకుండా ఎలా ముట్టుకుంటాం? ఏం మరిదీ, రూలేమంటుంది?"

కనకారావు తోక ఇంకా సూరిబాబు కిందే ఉంది. "ప్రెసిడెంటు గారు ఎక్కడుంటే అక్కడే సమావేశం పెట్టుకోవచ్చు," అన్నాడు మూలుగుతూ.

"ఏ ప్రెసిడెంటు?"

నక్క పక్కనున్న మొగుణ్ణి చూశాడు, కిందనున్న పెళ్లాన్ని చూశాడు. "మీరేనమ్మా."

"అయితే వినండి. ఇకమీదట కంకర ముందు ఊటదారికి. మిగిలితే పెద్దబాటకు. తనిఖీ ఏటా ఈ వేళకే. ఒప్పుకున్నవాళ్లు కాలెత్తండి."

సూరిబాబు వెనకాముందూ చూడకుండా ముంగాలెత్తాడు. మూడు కాళ్ల దున్నపోతును ఆపడం ఆ పొద వల్ల కాలేదు. వేళ్లతో సహా లేచొచ్చింది. ఇద్దరూ దబ్బున వచ్చి ఊటలో పడ్డారు.

"ఏకగ్రీవం," అంది నూకాలు. నీళ్లు కారుతున్న ఆ కొమ్ములకు దండ తగిలించి, గట్టు మీది వాళ్లకు కంకర పోయమని కేక వేసింది.

ఎండ రాకముందే దారి సగం పడింది. ఆ వారంలో పైడితల్లి రెండు పిల్లల్ని ఈని, రెండింటినీ తనే ఊటకు నడిపించుకొచ్చింది.

ఎండలో దారి చూసి తీర్పు చెప్పేవాణ్ణి మంచులో ఒకసారి నడిపించాలి.

తర్వాతి ఎన్నికల్లో ఆ సీటుకు రిజర్వేషన్ లేదు. నూకాలు మొగుడి మీదే పోటీకి నిలబడి గెలిచింది.