నిమ్మచెట్టు స్టేషనుకు లైన్ క్లియర్

1987 మే 17, ఆదివారం. బిట్రగుంటలో ఉదయం తొమ్మిదింటికే వంద డిగ్రీలు దాటింది. రోహిణి కార్తెకు ఇంకా వారం గడువుంది. సముద్రం పది మైళ్లలోనే ఉన్నా గాలి మాత్రం పడమటి నుంచి, పొయ్యి మీదుగా వచ్చినట్టు వస్తోంది. ఆకాశంలో మబ్బు తునక లేదు.

ఆ ఎండలో, రైల్వే కాలనీ చివరింటి పెరట్లో చిదంబరరావు ఒళ్లంతా కోపమై నిలబడి ఉన్నాడు. ఎదురుగా ఆయన చేసిన ఇత్తడి ఇంజను బుసలు కొడుతోంది. పక్కన గంట కొట్టే తీగ వేలాడుతోంది. దాన్ని ముట్టుకోనని ఆయన పట్టుబట్టాడు.

ముందు ఆ పెరటి సంగతి చెప్పాలి. ఇల్లు యేసుపాదం మాస్టారిది. మాస్టారంటే బడి మాస్టారు కాదు, స్టేషన్ మాస్టారు. ముప్పై నాలుగేళ్లు పచ్చజెండా ఊపి దిగిపోయాక, బడి మాస్టర్లకు కూడా లేనంతమంది శిష్యులు చేరారాయనకు. బెత్తం లేదు, పాఠం లేదు, ఉపన్యాసం అసలే లేదు. పెరట్లో ఆయన వేసిన చిన్న రైలుదారి ఒక్కటే ఉంది. బావిగట్టు దగ్గరొక స్టేషను, నిమ్మచెట్టు కింద ఒక స్టేషను, నడుమ అరవై గజాల ఒంటి లైను. జానెడు వెడల్పున ఇనప పట్టాలు, టేకు చెక్క స్లీపర్లు, వంకాయ మడి మీదుగా ఒక వంతెన, నిమ్మచెట్టు ముందొక మలుపు. ఆ మడిలో మొదట బెండ వేసేవారు. బెండ ఎత్తుగా పెరిగి సిగ్నలుకు అడ్డమొస్తోందని వంకాయకు మార్చారు. కూతురు రూతమ్మకు వంకాయ పడదు. అయినా ఆమె మాట సాగలేదు.

రెండు స్టేషన్లకూ మధ్య ఒక తీగ ఉంది. ఈ చివర లాగితే ఆ చివర గంట మోగుతుంది. రెండు గంటలు కొడితే ‘లైన్ క్లియర్ ఉందా?’ అని అడిగినట్టు. అటు నుంచి రెండు గంటలు తిరిగొస్తే ‘ఉంది, పంపు’ అన్నట్టు. తిరిగి రాకపోతే బండి కదలకూడదు. ఒంటి లైను మీద పెద్ద రైలుకైనా పద్ధతి ఇదే. ఆ పెరట్లో మాస్టారు పెట్టిన నియమం కూడా ఇదొక్కటే.

నిమ్మచెట్టు స్టేషను ఖాసిం పీరాది. పట్టాలు బాగుచేసే గ్యాంగుకు పెద్దగా, అంటే మేట్‌గా చేసి రిటైరైన మనిషి. పెరట్లో పట్టాల పనంతా అతని చేతి మీదే నడిచేది. చిదంబరరావు పాలిటెక్నిక్‌లో పిల్లలకు లేతు మిషను పని నేర్పి రిటైరయ్యాడు. భార్య పోయిన ఏడు మొదలుపెట్టి, మూడేళ్లు ముక్క ముక్కగా అరగదీసి ఆ ఇంజను చేశాడు. బొమ్మ అంటే ఊరుకునేవాడు కాదు. లోపల నిజంగా బొగ్గు మండుతుంది, నీళ్లు మరుగుతాయి, ఆవిరికి చక్రాలు తిరుగుతాయి. అది బావిగట్టు నుంచి నిమ్మచెట్టుదాకా ఒక్కసారి నడవాలి. ఆయనకు మిగిలిన కోరిక అదొక్కటే.

నలభై రోజుల కిందట ఇంజను తెచ్చి అందరికీ చూపించినప్పుడు పీరా చేతులు వెనక్కి కట్టుకుని దాని చుట్టూ ఒకసారి తిరిగాడు.

“అయ్యోరా, బరువెక్కువైంది. మలుపుకాడ పట్టాలు ఆగవు.”

“నేను లెక్క కట్టే చేశాను.”

“పట్టాలకు లెక్కలు రావు గదయ్యోరా!”

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. చిదంబరరావుకు కోపం నెత్తికెక్కింది. “గునపం పట్టుకునేవాడికి ఇంజను సంగతేం తెలుస్తుంది!” అన్నాడు.

నవ్వులు ఆగిపోయాయి. పీరా తువ్వాలు దులిపి భుజాన వేసుకుని వెళ్లిపోయాడు. మళ్లీ వచ్చాడు, రోజూ వస్తూనే ఉన్నాడు. కానీ అప్పటినుంచి ఇద్దరికీ మాటల్లేవు. చిదంబరరావే ఆ పెరట్లో అడుగు పెట్టడం మానేశాడు.

ఎలాగైనా ఇంజను నడిపి తీరాలని ఇవాళ్టికి వచ్చాడు. ఏడింటికి బొగ్గు రాజేస్తే తొమ్మిదింటికి ఆవిరి సిద్ధమైంది. అవతల పీరా మలుపు దగ్గర, పట్టాల పక్కనే, వీపు ఇటు పెట్టి గొంతుక్కూర్చున్నాడు. కావాలనే వీపు చూపిస్తున్నాడని చిదంబరరావుకు మరీ మండింది.

మాస్టారు బావిగట్టు నీడలో మడతకుర్చీ వేసుకుని కూర్చున్నారు. వయసు ఎనభై ఒకటి. మోకాళ్లు రెండూ వాచి ఉన్నాయి.

“గంట కొట్టు నాయనా,” అన్నారు.

“కొట్టను.”

మాస్టారు ఆయన వైపు తిరిగారు.

“నా కళ్లు బాగానే ఉన్నాయి మాస్టారూ. ఈ చివరి నుంచి ఆ చివరికి అరవై గజాలు. తొండ అడ్డమొచ్చినా కనబడుతుంది. లైను ఖాళీగా ఉంది. నాకు కనబడుతూనే ఉంది. ఇంక అతన్ని అడిగేదేమిటి?”

మాస్టారు తల ఎత్తి తీగ వైపు చూశారు.

“తీగ తెగిందా?”

“లేదు.”

“మీరిద్దరూ మాట్లాడుకుంటున్నారా?”

చిదంబరరావు మొహం ఇంజను వైపు తిప్పుకున్నాడు.

“అయితే తెగినట్టే,” అన్నారు మాస్టారు.

వెనకటి రోజుల్లో గాలివానకో, కొమ్మ విరిగిపడో తీగలు తెగిపోతే, స్టేషను నుంచి స్టేషనుకు మనిషి కాలినడకన వెళ్లేవాడు. అవతలి మాస్టారిచేత లైన్ క్లియర్ కాగితం మీద రాయించుకుని తెచ్చేవాడు. ఆరు మైళ్లయినా సరే, ఏడు మైళ్లయినా సరే. అంతవరకూ బండి నిలబడి ఉండాల్సిందే. లోపల జనం ఎంత తిట్టినా సరే.

మాస్టారు జేబులోంచి ఒక కాగితం తీసి, పెన్సిలుతో రెండు ముక్కలు రాసి, కర్ర పట్టుకుని లేచారు. పట్టాల పక్కనే నిదానంగా నడిచారు. అరవై గజాలే గనక అక్కడి మాటలు ఇక్కడికి వినబడుతూనే ఉన్నాయి.

“మీరెందుకొచ్చినారు మాస్టారూ, ఈ ఎండలో?”

“తీగ తెగింది పీరా. చిదంబరరావు ఇంజనుకు లైన్ క్లియర్ ఉందా?”

“ఆయన్నే అడగమనండి.”

మాస్టారు తల ఊపి వెనక్కి తిరిగారు. మళ్లీ అరవై గజాలు.

“నిన్నే అడగమంటున్నాడు.”

“విన్నాను! అడగనని చెప్పండి.”

“సరే,” అని ఆయన కుర్చీ వైపు కూడా చూడకుండా మళ్లీ బయల్దేరారు.

ఈసారి అడుగులు ఇంకా చిన్నవయ్యాయి. వంటింటి గుమ్మంలోకి రూతమ్మ గరిటెతో సహా వచ్చింది.

“నాన్నా! మతిగాని పోయిందా? వాళ్ల అరుపులు వీధి చివరికి వినబడుతున్నాయి, ఒకరిది ఒకరికి వినబడటం లేదూ? మధ్యలో నువ్వెందుకు బంట్రోతులాగా!”

“డ్యూటీలో ఉన్నానమ్మా,” అన్నారాయన ఆగకుండా.

నిమ్మచెట్టు దగ్గరికి చేరి, ఊపిరి తీసుకుని, “అడగనంటున్నాడు,” అన్నారు.

“అయితే నేనూ ఇవ్వనన్నానని చెప్పండి,” అన్నాడు పీరా. అతని గొంతూ లేచింది. తల మాత్రం ఎత్తలేదు.

తిరిగొస్తూ మాస్టారు వంకాయ మడి దగ్గర ఆగిపోయారు. కర్ర మీద రెండు చేతులూ వేసి, మెల్లగా మడి గట్టు మీద కూలబడ్డారు.

చిదంబరరావు ఇంజనుకున్న గాజుగొట్టం వైపు చూశాడు. నీళ్లు వేలెడు కిందికి దిగాయి. ఇంకో వేలెడు దిగితే లోపల ఇత్తడి మాడిపోతుంది, మూడేళ్ల పని బూడిద. బండి నడపాలి, లేదా నిప్పు తీసెయ్యాలి. అటు చూస్తే ఆ వీపు. ఇటు చూస్తే మడిగట్టు మీద ఈ ముసలాయన. కోపమంతా ముసలాయన మీదికి తిరిగింది.

“చాలించండి మాస్టారూ! ఇదంతా నన్ను సాధించడానికే గదా! ఏముందిక్కడ? పిల్లల ఆట! బొమ్మ రైలు! దీనికొక నియమం, దానికొక కాగితం, ఆ కాగితానికొక ఊరేగింపు!”

పదేళ్లలో ఆయన ముందు ఎన్నడూ గొంతెత్తని మనిషి. రూతమ్మ గుమ్మంలో నిలబడిపోయింది.

మాస్టారు తువ్వాలుతో మొహం తుడుచుకున్నారు.

“బొమ్మ రైలేనా?”

“బొమ్మ రైలే!”

“బొమ్మకింత కోపమేం నాయనా?”

మాస్టారు కర్ర ఊతంతో లేచి, మళ్లీ నిమ్మచెట్టు వైపే తిరిగారు.

“ఎక్కడికి? ఇప్పుడేమని చెబుతారు?”

“నువ్వు చెప్పిందే. నీ ఇంజను బొమ్మ అని.”

“అదేం చెప్పక్కర్లేదు!”

అంటూనే ఆయన కదిలాడు. వంగ మొక్కలు రెండు తొక్కుకుంటూ మడికి అడ్డంపడి, మాస్టారిని దాటి, విసవిసా వెళ్లి పీరా నెత్తిన నిలబడ్డాడు.

“అడుగుతున్నాను.”

“ఏందయ్యోరా?”

“ఏంటో తెలీదా! లైన్ క్లియర్!”

“ఇది అడగడమా, తిట్టడమా?”

చిదంబరరావు పళ్లు కొరికాడు. చెమట కళ్లలోకి దిగి మండుతోంది. కోపం కాస్తయినా తగ్గలేదు. కానీ కాళ్లు అప్పటికే వచ్చేశాయి, అవతల ఇంజనులో నీళ్లు దిగిపోతూనే ఉన్నాయి.

“పీరా,” అన్నాడు. “నా ఇంజనుకు లైన్ క్లియర్ ఉందా?”

“లేదు.”

“ఎందుకు లేదు?”

పీరా మోకాలు పక్కకు జరిపాడు.

మలుపు మొత్తం మారిపోయి ఉంది. పాత స్లీపరుకూ స్లీపరుకూ మధ్య కొత్తది. కొత్త టేకు ఇంకా పచ్చిగా మెరుస్తోంది. కింద కంకర నలిపి, కూరి, గట్టిగా దిమ్మిస చేసి ఉంది. ఒక్కచోట మాత్రం పట్టాను పట్టాతో కలిపే ఫిష్‌ప్లేటు ఊడదీసి ఉంది. రెండు బోల్టులు నేల మీద పరిచిన తువ్వాలులో పెట్టి ఉన్నాయి. బావిగట్టు నుంచి చూస్తే పట్టాల పైభాగం తప్ప ఇవేవీ కనబడవు. అక్కడి నుంచి చూస్తే లైను ఒక్క గీతలా మెరుస్తూనే ఉంటుంది.

“మీ ఇంజను బరువుకు ఆగాల గదా. స్లీపర్లు రెట్టింపు చేసినా. ముప్పై దినాలు పట్టె. ఆ రెండు బోల్టులే మిగిలినాయి.” పీరా పానా చేతిలోకి తీసుకున్నాడు. “గునపం పట్టేటోడికి ఇంజను సంగతి తెలవదు. పట్టా సంగతి తెలుస్తాది అయ్యోరా.”

“ఈ ముక్క ముందే చెప్పొచ్చుగా!” అని అరిచాడు చిదంబరరావు.

“మీరడిగితే గదా!” అని అంతకంటే గట్టిగా అరిచాడు పీరా.

నిమ్మచెట్టు మీది పిట్టలు లేచిపోయాయి. మాస్టారు అప్పటికి మెల్లగా వాళ్ల వెనక్కి చేరారు. చిదంబరరావు ఆయన మీదికి తిరిగాడు.

“ఇది మీకు తెలుసా?”

“బావిగట్టు దగ్గర తెలియలేదు,” అన్నారాయన. “నడిచొస్తే తెలిసింది.”

చిదంబరరావు పరుగున బావిగట్టుకు వెళ్లి, పట్టకారుతో ఇంజను పొట్టలోంచి నిప్పులన్నీ నేల మీదికి లాగేశాడు. రెండు నిప్పులు చేతి మీద పడ్డా చూసుకోలేదు. తిరిగొచ్చి, పీరాకు ఎదురుగా, పట్టాకు ఇవతల గొంతుక్కూర్చుని, బోల్టు తల కదలకుండా పట్టుకున్నాడు. అవతల పీరా బిగించాడు. ఇద్దరి మొహాలూ మాడిపోయే ఉన్నాయి. రెండో బోల్టుకు పీరా, “అట్లా కాదు, కిందికి పట్టండి,” అన్నాడు. చిదంబరరావు కిందికి పట్టాడు.

నిప్పు మళ్లీ రాజేసి ఆవిరి తెచ్చేసరికి ఒంటిగంట అయింది. చిదంబరరావు తీగ రెండుసార్లు లాగాడు. అటునుంచి వెంటనే జవాబు రాలేదు. పీరా తీరిగ్గా లేచి, పంచె సర్దుకుని, మలుపంతా ఒకసారి కంటితో చూసుకుని, అప్పుడు లాగాడు. ఒకటి. రెండు.

ఇంజను కదిలింది. వంకాయ మడి దాటింది. మలుపు దగ్గర పట్టాలు ఒక్కసారి మూలిగాయి. బరువుకు ఆగాయి.

“బరువెక్కువే,” అని అరిచాడు పీరా అటునుంచి.

“నోర్ముయ్!” అన్నాడు చిదంబరరావు, ఇంజను వెనకాలే వంగి నడుస్తూ.

మాస్టారు ఆ తర్వాత ఎనిమిది నెలలు బతికారు. జనవరిలో, రెండు రోజుల జ్వరంతో పోయారు. సమాధి కార్యక్రమం అయ్యాక రూతమ్మ ఆయన రాసిపెట్టిన కాగితం తెచ్చి, హాల్లో కూర్చున్న నలుగురి ముందూ చదివింది. ఇల్లూ, పెరటి స్థలమూ రూతమ్మకు. గోడగడియారం చర్చికి. రైలుదారి, స్టేషన్లు రెండూ, గంటలతో, తీగతో సహా ఖాసిం పీరాకు.

తర్వాతి పంక్తి దగ్గర ఆమె కాస్త తడబడి చదివింది.

“చిదంబరరావుకు ఏమీ రాయలేదు.”

చిదంబరరావు చెవులు ఎర్రబడ్డాయి. పదేళ్ల సావాసం, మూడేళ్ల ఇంజను అన్నీ ఆ ఎరుపులో కనబడ్డాయి. రూతమ్మ ఆయన మొహం చూసి కాగితం మడవబోయింది.

“ఇంకో ముక్క ఉండాదేమో, చూడమ్మా,” అన్నాడు పీరా.

ఉంది. ఆమె చదివింది.

“అతనికి అడగడం వచ్చు.”