రొట్టె అడిగిన చిలుక

అనగా అనగా, సముద్రాలింకా మనిషి మాట వినే రోజుల్లో, ఒక రాజు. ఆ రాజు మూడో కొడుకు కీర్తిసేనుడు. మనసు వెన్నే గానీ, అన్యాయం చూశాడా, కోపం ముక్కు మీదే.

ఒకనాడు మౌనకేతుడనే మాంత్రికుడు సభకొచ్చి, "ఏడు సముద్రాల అవతల లాటినుపురాన్ని రాయి చేశాను. రాకుమారి లూనావతి గొంతు లాక్కున్నాను. వాళ్ళ భాష చచ్చింది, దినం కూడా పెట్టేశాను!" అని విరగబడి నవ్వి మాయమయ్యాడు. అన్నలిద్దరూ తలలు దించుకున్నారు. కీర్తిసేనుడికి ఒళ్ళు మండిపోయింది. "ఊరి నోరు నొక్కి, పైగా దినం పెడతాడా!" అని పళ్ళు కొరికి ఓడెక్కాడు.

మొదటి రేవులో ఒక బాతు అతని చేతిలో రొట్టె చూసి, "అయ్యా, పానే పెట్టవూ?" అంది. రొట్టె పెట్టాడు. రెండో రేవులో మేక, అదీ రొట్టె చూసే, "పాన్ పెట్టవూ?" అంది. పెట్టాడు. మూడో రేవులో గాడిద, "పావ్ పెట్టవూ?" అంది. దానికీ పెట్టాడు. "ఈ మాట మీకెవరు నేర్పారు?" అంటే మూడూ ఒకటే జవాబు, "మా అవ్వ." మూడూ ఓడెక్కి అతని వెంటే వచ్చాయి.

లాటినుపురంలో రాతి మనుషుల నడుమ లూనావతి మూగగా కూర్చుని ఉంది. పక్కనే పంజరంలో ముసలి చిలుక.

మౌనకేతుడు ఎదుట ప్రత్యక్షమై పకపకా నవ్వాడు. "నా ప్రాణం ఇందులోనే ఉంది. ఆ భాష వచ్చిన ఆఖరి ప్రాణి ఇదే. ఇది నోరు విప్పితే నేను చస్తాను. కానీ ఎవరితో మాట్లాడుతుంది, పాపం? పోనీ, మెడ విరిచెయ్. నాతోపాటు భాషా పోతుంది!"

"ఛీ! నిన్ను చంపడానికి దీన్ని చంపుతానా?" అన్నాడు కీర్తిసేనుడు. కోపంతో కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

పండు పెట్టాడు. చిలుక పలకలేదు. పాట పాడాడు. పలకలేదు. ఇక చేసేదిలేక సంచిలోంచి రొట్టె తీశాడు. అంతే, వెనక నుంచి ఆకలిమీదున్న మూడూ ఎగబడ్డాయి.

"పానే!" "పాన్!" "పావ్!"

చిలుక ఉలిక్కిపడింది. మూడింటినీ మార్చి మార్చి చూసింది. మనవల గొంతులు గుర్తుపట్టిన అవ్వలా వణికిపోయింది. చివరికి నోరు తెరిచి, తన భాషలో రొట్టెకున్న అసలు పేరు, "పానిస్!" అంది.

మాంత్రికుడు కుప్పకూలాడు. రాళ్ళు మనుషులై ఒళ్ళు విరుచుకున్నాయి. గొంతు తిరిగొచ్చిన లూనావతి మొదట అడిగిందేమిటో తెలుసా? "మూడు రేవుల్లో మా మాట తింటూ, మేం చచ్చామని ఎలా నమ్మారు?" బాతు, మేక, గాడిద సిగ్గుతో తలలు వంచాయి.

కీర్తిసేనుడికీ లూనావతికీ పెళ్ళయింది. వాళ్ళు చాలా ఏళ్ళు చల్లగా ఏలారు. ఎవడైనా 'చచ్చిన భాష' అని నోరు జారితే, రాణి వాణ్ణి భోజనానికి కూర్చోబెట్టేది. వాడు 'పాన్' అనో 'పావ్' అనో రొట్టె అడిగేదాకా వడ్డించేది కాదు.