పలకకు తాళం వేయించిన నక్క దివాను

అనగనగా ఒక అడవి. ముందుకు జరిగి కూర్చోండి బంగారాలూ, వెనకవాళ్ళకీ చోటుండాలి. దేవుడి దయవల్ల ఆ అడవికి ఒక వాగు ఉండేది. తెలివికైతే కొదవే లేదు. దివానుగా నక్క గారున్నారు కదా!

ఒకనాడు పొరుగు కొండ చిరుత ఈ అడవి రాజైన ఎలుగుబంటిని చదరంగానికి పిలిచింది. రెండు ఆటలు ముందు ఎవరు గెలిస్తే వాగు వాళ్ళది. కుండకు చిల్లి పెట్టారు. అందులో నీళ్ళు అయిపోయేలోగా ఎత్తు వేయాలి, లేదంటే ఆట పోయినట్టే.

ఎలుగురాజు తరఫున నాలుగు కోతులు ఒకేసారి ఆలోచించేవి. ఒక్కోటి ఒక్కో ఎత్తుల దారి చివరిదాకా చూసి, తేలింది రాతిపలక మీద ఆ దారికున్న గడిలో రాసేది. అప్పుడు అదే దారి ఇంకో కోతి మళ్ళీ చూడక్కర్లేదు.

మొదటి ఆటలో ఒకే దారిలోకి వచ్చిపడ్డ రెండు కోతులు ఒకే గడిలో ఒకేసారి రాశాయి. సగం దీని రాత, సగం దాని రాత. రాజుగారు అది చదివి, ఏనుగును భక్తిగా చిరుత గుర్రానికి సమర్పించారు. ఆట పోయింది.

పలకకు కాపలా ఉండాలని అందరూ అన్నారు. తాబేలు పెద్దమ్మ గడికో సుద్దముక్క పెట్టమంది. సుద్ద చేతికి దొరికిన కోతే రాస్తుంది, రెండోది పక్కనే కాస్త ఆగుతుంది, అంతే.

అంత తేలిగ్గా తెమిలిపోతే ఇక దివాను ఎందుకు? నక్క గారు పలక మొత్తానికి ఒకే తాళం వేయించారు. రాయడానికి వచ్చిన కోతి పేరు చెప్పి, చెట్టుకింద పడుకోవాలి. వంతు రాగానే కొంగ వెళ్ళి లేపుతుంది.

“రెప్పపాటు పనికి నిద్రపుచ్చి లేపడం ఎందుకు నాయనా?” అంది తాబేలు.

“నిలబడితే కోతుల కాళ్ళు నొప్పెడతాయి పెద్దమ్మా. మాది దయగల పాలన,” అన్నారు నక్క గారు.

రాజుగారు తాళం బరువు చూసి ముచ్చటపడి, సరేనన్నారు.

రెండో ఆట ఎంత క్రమశిక్షణగా సాగిందో! ఒక కోతి తాళం తీయించుకుంటోంది, మూడు గురక పెడుతున్నాయి. కొంగ తట్టి తట్టి ఒకదాన్ని లేపింది. అది కళ్ళు నులుముకునేలోగా కుండ ఖాళీ అయింది. వాగు పోయింది.

“గెలిచే ఎత్తు నాకు ఎప్పుడో దొరికింది ప్రభూ. వంతే రాలేదు,” అంది ఆ కోతి.

“చూడండి ప్రభూ, పలక మీద ఒక్క గీతా చెదరలేదు,” అన్నారు నక్క గారు.

రాజుగారు అటు చూడలేదు. దాహంతో ఏడుస్తున్న తన పిల్లను వీపున ఎక్కించుకుని, నీళ్ళ కోసం రెండు కొండల అవతలికి నడక మొదలుపెట్టారు.

నీతి: రెప్పపాటు పనికి రెప్పపాటు కాపలా చాలు. పనికన్నా కాపలా పెద్దదైతే భద్రంగా మిగిలేది ఖాళీ పలకే.