సూరాంబ ఇంటి కింది కాలువ

పొగమంచు ఊరిని కలలా కమ్ముకున్న ఒక ఉదయం, కుమ్మరి సూరాంబ ఇంటి కింది పాత మురుగుకాలువ కూలి, నడవంతా నీళ్లు ఊరాయి. ఏటా బీమాగా వడ్లు కొలిచే ఇళ్లను బాగుచేయించే పూచీ దివాణానిది. ఏటా తప్పక కొలిచే సూరాంబ దివాణం అధికారి దండపాణి దగ్గరికి వెళ్లింది.

"తుఫానుకు కూలితే కట్టిస్తాం. పాతబడి కూలితే మాకు సంబంధం లేదు. కాలువ నీది, నీ ఇష్టం," అన్నాడాయన మీసం దువ్వుకుంటూ.

సూరాంబ ఒక తాటాకు తీసి ఆయన ముందు పెట్టింది.

"నా ఇష్టమేనా దొరా? అయితే పూడ్చేసి, పైన మల్లెతీగ పెట్టుకుంటాను. ఆ మాటే రాసివ్వండి."

గంటం పట్టిన దండపాణి చెయ్యి ఆగిపోయింది. మెరక మీదున్న తన మేడలోని వాడుక నీళ్లన్నీ ఆ కాలువలోంచే పోవాలి!

మధ్యాహ్నానికల్లా పనివాళ్లు వచ్చారు. మూడోనాడు సూరాంబ ఆరిన నడవలో పడుకుని, నేల కింద అధికారిగారి నీళ్లు గలగలా ఏటివైపు సాగిపోతుంటే వింటూ, హాయిగా కళ్లు మూసుకుంది.