ఎత్తు మంచిదే

అనగనగా అంటే ఊ కొట్టాలి మరి! సముద్రం ఊళ్ళకి ఇంత దగ్గరగా రాని రోజుల్లో, ఉప్పుదిబ్బపాలెంలో నూకయ్య అని ఒక జాలరి ఉండేవాడు. పొద్దున్న వేట, పొద్దు వాలితే ఇసకలో వాలీబాల్. పాత వలే నెట్టు, సరుగుడు గుంజలే స్తంభాలు. నూకయ్య ఎగిరి కొట్టాడంటే బంతి ఇసకలో గుంట చేసుకుని కూర్చునేది. ఆ బంతిని అతని చేతికి ఎత్తి ఇచ్చేవాడు ఎర్రయ్య, వరసకి బావ. ఇద్దరిదీ ఒకటే పడవ, ఒకటే జట్టు. కొట్టేవాడికి ఈలలు. ఎత్తేవాడికి ఏముంటుంది? కళ్ళలో ఇసక.

ఒక ఏడు తీరం ఊళ్ళన్నీ కలిసి పోటీ పెట్టాయి. గెలిచిన జట్టుకి పొట్టేలు. ఆఖరి బంతి వచ్చింది. ఎర్రయ్య ఎత్తాడు. ఎంత మంచి ఎత్తంటే, బంతి నెట్టు మీద కాసేపు ఆగి నూకయ్య కోసం చూసింది. కానీ నూకయ్యకి ఆ రోజు పొగరెక్కింది. కుడిచేత్తో కొట్టాల్సినవాడు, జనం అబ్బా అనాలని ఎడంచేత్తో కొట్టాడు. బంతి పోయి వలలో పడింది.

పొట్టేలు పక్క ఊరికి పోయింది. జనమంతా నూకయ్య వైపు చూశారు. ఆ చూపులు తట్టుకోలేక ఏం చేశాడో తెలుసా? ఆడలేక మద్దెల ఓడన్నట్టు, బావ మీదికి తిరిగాడు.

"ఏట్రా ఆ ఎత్తు? వంకర సెయ్యి నీది!"

ఎన్నడూ ఒరే అననివాడు ఒరే అన్నాడు. ఎర్రయ్య అతని ముఖంలోకి ఒకసారి చూసి తల దించుకున్నాడు. ఎత్తు వంకరపోబట్టే ఎడంచేత్తో కొట్టాల్సొచ్చిందని జనం నమ్మేశారు.

జాలర్లకి ఒక పట్టింపు ఉంది కదా, అచ్చిరాని చెయ్యి వలని తాకకూడదని. నాలుగు రోజులు తిరక్కుండానే తోటి జాలర్లు ఎర్రయ్యని పడవ ఎక్కనివ్వలేదు. "నీ సెయ్యి అచ్చిరాదురా, ఏటనుకోకు" అన్నారు. వల ముట్టని జాలరి ఏం చేస్తాడు? ఒడ్డున ఎండుచేపల మీద కాకుల్ని తోలుకుంటూ బతికాడు.

నూకయ్యకి నిజం తెలుసు. తెలిసీ, తేలు కుట్టిన దొంగలా నోరు మూసుకున్నాడు.

మొదటిసారి, గంగమ్మ పండగకి ఊరంతా కూడినప్పుడు చెప్పేద్దామని లేచాడు. మంచి ఆటగాడని ఎవరో మెడలో దండ వేశారు. నోరు పెగల్లేదు. రెండోసారి, తన పెళ్ళిలో ఎర్రయ్య పందిరి బయటే నిలబడితే చెప్పేద్దామనుకున్నాడు. పిల్లనిచ్చిన మామ పక్కనే కూర్చున్నాడు. నోరు పెగల్లేదు. మూడోసారి ఎర్రయ్య గుడిసెకే వెళ్ళాడు. "రా బావా, గంజి తాగుతావేటి?" అన్నాడు ఎర్రయ్య. ఆ పిలుపుకి నూకయ్య సిగ్గుతో ఇంకా చచ్చిపోయాడు. గంజి తాగి వచ్చేశాడు గానీ, నోరు పెగల్లేదు.

ఏళ్ళు గడిచాయి. నూకయ్య మోకాళ్ళు అరిగిపోయాయి. పిల్లలకి ఆట నేర్పే మాస్టారయ్యాడు. ఏ పోటీకి వెళ్ళినా పొట్టేలు ఉప్పుదిబ్బపాలేనికే. "మాస్టారు, మాస్టారు" అని ఊరు నెత్తిన పెట్టుకుంది. పెట్టుకున్నకొద్దీ అతను లోపల కుంగిపోయాడు.

ఒకనాడు ఎర్రయ్య కూతురు నీలమ్మ వచ్చింది. "మాస్టారూ, నాకూ ఆట నేర్పుతారేటి?"

"ఎందుకు నేర్పనమ్మా? వేళ్ళు పొడుగ్గా ఉన్నాయి. బంతి ఎత్తడం నేర్పుతాను."

పిల్ల చేతులు వెనక్కి దాచుకుంది. "ఎత్తడం వద్దు మాస్టారూ. మా ఇంటి సెయ్యి వంకరదంట కదా! నావల్ల జట్టు ఓడిపోతే మా తమ్ముణ్ణి కూడా పడవెక్కనివ్వరు."

భూమి నోరు తెరిచి మింగేస్తే బాగుండుననిపించింది నూకయ్యకి. తను అన్న మాట అప్పటికి పుట్టని పిల్ల చేతులకి కూడా అంటుకుందే!

ఆ సాయంత్రం ఊరంతా ఆట చూడ్డానికి చేరింది. నూకయ్య నెట్టు కిందికి వచ్చి నిలబడ్డాడు. అప్పటికి పెగిలింది నోరు.

"అమ్మలారా, అయ్యలారా! ఆ రోజు ఎత్తు మంచిదే. కొట్టిందే తప్పు. పొగరుకి ఎడంసేత్తో కొట్టినాను. సిగ్గుకి అబద్ధమాడినాను. మా బావ బతుకు పాడుసేసినాను."

ఒక ముసలమ్మ "ఛీ! ఇన్నాళ్ళూ కూడెలా దిగిందిరా నీకు?" అని ఉమ్మేసింది. నూకయ్య తల ఎత్తలేదు.

ఎర్రయ్య జనంలోంచి వచ్చాడు. కొడతాడేమో అనుకున్నారు. కొట్టలేదు. పోనీలే అని కూడా అనలేదు. బంతి తీసుకుని, అచ్చం ఆనాటిలాగే, నెట్టు మీదికి ఎత్తాడు.

"కొట్టు బావా, కుడిసేత్తో!"

నూకయ్య కొట్టలేకపోయాడు. దిగుతున్న బంతిని రెండు చేతులా పట్టుకుని, ఎర్రయ్య చేతిలో పెట్టి, "ఎత్తు మంచిదే బావా" అని భోరుమన్నాడు.

మర్నాడు ఎర్రయ్య పడవెక్కాడు. నీలమ్మ ఎత్తడం నేర్చుకుంది. నూకయ్య మాత్రం బతికినన్నాళ్ళూ మళ్ళీ బంతి కొట్టలేదు, ఎవరు దండ తెచ్చినా మెడ వంచలేదు. పిల్లలకి బంతులు ఎత్తి ఇస్తూనే ముసలివాడై, ఒకనాడు గంగమ్మలో కలిసిపోయాడు.

ఇప్పటికీ ఆ ఊళ్ళో మొదటి బంతిని కొట్టరు. కొట్టేవాడు దాన్ని రెండు చేతులా పట్టుకుని, ఎత్తినవాడి చేతిలో పెట్టి, "ఎత్తు మంచిదే" అనాలి. అనకపోతే ఆట లేదు. ఆటలోనే అనుకునేరు! కూర మాడ్చి పొయ్యిని తిట్టినా, వల చింపి నూలుని తిట్టినా, పెద్దవాళ్ళు ఒకటే అడుగుతారు: "ఏరా, ఎత్తు మంచిదేనా?"

తిట్టినవాడు తల దించుకుంటాడు.