నల్లరేవు కుంచం

నల్లరేవుకు ఏటా ఓడలు తెచ్చే సువర్ణపురి వర్తకాధికారి చండసేనుడికి, తాను పట్టిందే కుంచం, తాను చెప్పిందే ధర అన్న గర్వం తలకెక్కి ఉండేది. ఆ తీరం మొత్తంలో ఉప్పు పండేది నల్లరేవు ఒక్కచోటే. కానీ అక్కడ గింజ పండదు. అందుకని ఊరివాళ్లు అతనికి ఉప్పు పోసి వడ్లు పోయించుకునేవారు. కుంచానికి కుంచం అని ఒప్పందం. ఉప్పు కొలిచేటప్పుడు మాత్రం కుంచం మీద గోపురంలా లేచేదాకా పొయ్యమనేవాడు. వడ్లు కొలిచేటప్పుడు కర్రతో అంచుకు సమంగా చదును చేయించేవాడు. పెద్ద రాజ్యాల న్యాయం అలాగే ఉంటుంది మరి!

"వాళ్లు కొనకపోతే మన ఉప్పు ఎవరు కొంటారు?" అని ఊరిపెద్ద సాంబయ్య కిక్కురుమనకుండా ఉండేవాడు. ఇళ్లలో పిల్లల గంజి ఏటేటా పలచబడుతూ వచ్చింది.

రేవులో కుంచం పట్టి కొలిచేది నూకాలమ్మ. కొలిచేవాళ్లు మొదటి కుంచానికి "ఒకటి" అనరు. శుభమని "లాభం" అంటారు. ఆ తర్వాతే రెండు, మూడు.

ఒక ఏడు చండసేనుడు ఓడ దిగుతూనే, "ఈసారి రెండు కుంచాల ఉప్పుకు ఒక కుంచం వడ్లు" అన్నాడు. నూకాలమ్మ కుంచం నిండా ఉప్పు పోసి, కర్రతో చదును చేసి, గట్టిగా "ఒకటి" అంది.

రేవంతా ఉలిక్కిపడింది.

"లాభం అనవేం?" అన్నాడు చండసేనుడు.

"ఎవరికి దొరా లాభం? మా పిల్లల కడుపు మాడ్చి పోసేదాన్ని లాభమని నా నోటితో అనను. చదును కుంచానికి చదును కుంచం. ఇష్టమైతే తీసుకో, లేకపోతే లంగరు ఎత్తుకో."

"మేం కొనకపోతే ఆ ఉప్పే నాకి బతుకుతారా?" అని చండసేనుడు ఎగతాళిగా నవ్వి, వడ్లతో సహా వెళ్లిపోయాడు.

"కొంప ముంచావు కదే అక్కా!" అన్నాడు సాంబయ్య.

"ఏడాదికి కాస్త కాస్తగా మునుగుతూనే ఉన్నాం కదరా తమ్ముడూ! పడవలు తియ్యి, పక్క రేవులకు పోదాం" అంది నూకాలమ్మ.

రెండు నెలలు ఊరంతా చేపలు, తాటితేగలు తిని గడిపింది. ఆకలికి పిల్లలు ఏడ్చారు, పెద్దలు పళ్లు బిగబట్టారు. ఎవరూ చండసేనుడికి కబురు పంపలేదు. ఈలోగా పడవలు వడ్లు పండే రేవుకు, నువ్వులు పండే రేవుకు వెళ్లాయి. తీరా చూస్తే చండసేనుడి చేతిలో వాళ్లకూ అదే గోపురం, అదే ఏడుపు! ఇన్నాళ్లూ ఎవరికి వారు తమకొక్కరికే ఈ గతి అనుకున్నారు. మూడు రేవులూ కలిసి ఒకే మాట అనుకున్నాయి. ఎవరు కొన్నా, ఎవరు అమ్మినా చదును కుంచమే. నల్లరేవు పడవలు ఉప్పు పోసి వడ్లతో తిరిగొచ్చాయి.

మరుసటి ఏడు సువర్ణపురిలో ఉప్పు లేక చేపలు కుళ్లిపోయాయి, ఊరగాయలు బూజు పట్టాయి. చండసేనుడు పరుగున వచ్చాడు.

"గోపురం వద్దులే. చదును కుంచానికి చదును కుంచమే. తొందరగా కొలిచి పొయ్యి" అన్నాడు.

"వరసలో నిలబడండి దొరా. మీకన్నా ముందు మూడు పడవలున్నాయి" అంది నూకాలమ్మ.

చండసేనుడు ఎండలో నిలబడ్డాడు. నిలబడక ఏం చేస్తాడు?

కొనేవాడు ఒక్కడేనని భయపడి తల వంచినంతకాలమే పెద్దవాడి మాట చెల్లుతుంది. సాటివాళ్లతో చేతులు కలిపి కాదనగలిగినవాడికే తన కష్టానికి తగిన ధర దక్కుతుంది.